కాంప్లెక్స్ తలుపు తెరుచుకుంటే

'కల్కి 2898 ఏడీ' రెండో భాగం డార్క్‌గా ఉంటుందట. మొదట ఎవరన్నారో తెలీదు గానీ ఇప్పుడు అందరూ అంటున్నారు. మా కాలేజీ బస్సు వెనక సీట్ల దగ్గర్నుంచి ఇన్‌స్టా రీల్స్ దాకా ఒకటే మాట: "ఫస్ట్ పార్ట్ జస్ట్ ఇంట్రో రా, అసలు కథ ఇప్పుడుంది, ఫుల్ డార్క్." ఆ డార్క్ అనే మాట అంటున్నప్పుడు మాత్రం అందరి మొహాలూ వెలిగిపోతుంటాయి.

నేనూ ఎదురుచూస్తున్నదాన్నే. ఈ రోజుల్లో ప్రభాస్ ఫ్యాన్ అంటేనే రెండో భాగాల కోసం కాచుక్కూర్చున్న మనిషి అని అర్థం. 2023 డిసెంబర్‌లో 'సలార్' ఒక సగం చూపించి ఆపారు. 2024 జూన్ 27న 'కల్కి' ఇంకో సగం చూపించి ఆపారు. కాబట్టి ఎదురుచూపుల గురించి నాకేమీ కంప్లయింట్ లేదు, అలవాటైపోయింది. నాకు నచ్చనిది ఆ డార్క్ అనే మాటని మనం వాడుతున్న పద్ధతి.

ఎవర్నైనా కదిపి చూడండి, "డార్క్ అంటే ఏంటి?" అని. యాస్కిన్ గాండీవం ఎత్తేశాడు కదా, ఇక విధ్వంసమే అంటారు. శంబల తగలబడిపోతుంది, మంచివాళ్ళు ఇద్దరు ముగ్గురు చచ్చిపోతారు, సంతోష్ నారాయణన్ బ్యాక్‌గ్రౌండ్ స్కోర్‌కి హాలు అదిరిపోతుంది అంటారు. ఆ తర్వాత ప్రభాస్ వస్తాడు, అది వేరే చెప్పక్కర్లేదు. అంటే మనం డార్క్ అని అడుగుతున్నది హీరో ఎంట్రీకి ముందు లైట్లు ఆర్పమని. స్క్రీన్ ఎంత నల్లగా ఉంటే ఎలివేషన్ అంత మెరుస్తుంది, అంతే మన లెక్క.

నా అభిప్రాయం వేరు. ఆ సినిమాలో అసలైన చీకటి యాస్కిన్ దగ్గర లేదు, భైరవ దగ్గర ఉంది. రెండో భాగం దాన్ని పట్టించుకోకుండా యుద్ధం మీదే పడిపోతే, ఎంతమంది చచ్చిపోయినా అది డార్క్ సినిమా అవ్వదు.

మొదటి భాగంలో రంగులు గుర్తు తెచ్చుకోండి. కాశీ అంతా దుమ్ము, తుప్పు, నీళ్ళు లేవు, తిండి లేదు. పైన తల్లకిందులుగా పెట్టిన పిరమిడ్‌లా కాంప్లెక్స్. లోపల చెట్లు, పళ్ళు, నీళ్ళు, సముద్రం కూడా. సినిమా మొత్తంలో వెలుతురు బాగా ఉన్న చోటు అదే. ఆడవాళ్ళ గర్భాల్లోంచి సీరం తీసే ల్యాబ్ ఉన్నదీ అక్కడే. ఒక అంతస్తులో బీచ్ పార్టీ, ఇంకో చోట ప్రాజెక్ట్ కె. నాగ్ అశ్విన్ చెడ్డ చోటుని నల్లగా పెట్టలేదు. అందరికీ వెళ్ళాలనిపించేలా పెట్టాడు. ఈ తెలివి చాలామంది మాట్లాడుకోలేదు, వీఎఫ్ఎక్స్ ఎక్కడ అతికిందీ ఎక్కడ అతకలేదూ అన్నదాని మీదే రెండు నెలలు గడిచిపోయాయి.

భైరవకి కావల్సింది ఏంటి? కాంప్లెక్స్‌లోకి వెళ్ళడం. దానికి 10 లక్షల యూనిట్లు కావాలి. అద్దె కట్టలేక ఇంటి ఓనర్ రాజన్‌ని (బ్రహ్మానందం) తప్పించుకు తిరుగుతూ, బుజ్జితో వాదించుకుంటూ, యూనిట్ల కోసం మనుషుల్ని పట్టి అప్పగించే పని చేస్తుంటాడు. ఒకసారి రాక్సీ పుణ్యమా అని దొంగచాటుగా లోపలికి వెళ్ళి ఓ పాట కూడా వేసుకుని వస్తాడు. కాంప్లెక్స్ నుంచి తప్పించుకున్న గర్భిణి సుమతి మీద బహుమతి ప్రకటించగానే, అతను ఒక్క క్షణం కూడా ఆలోచించడు. నా ఎంట్రీ పాస్ దొరికింది అనుకుంటాడు. మనం నవ్వుతాం, ఎందుకంటే కామెడీ టైమింగ్ బాగుంది, పక్కన బుజ్జికి కీర్తి సురేష్ గొంతు ఉంది. కానీ నవ్వు పక్కన పెట్టి ఒక్క లైన్‌లో చెప్పుకుంటే కథ ఇది: ఒకడు తన సెటిల్మెంట్ కోసం కడుపుతో ఉన్న మనిషిని ల్యాబ్‌కి అమ్మడానికి రెడీ అయ్యాడు. వాడు మన హీరో.

ఇంతకన్నా డార్క్ ఇంకేం కావాలి?

ఇది నాకు ఎందుకు తగిలిందంటే, సినిమా వచ్చిన టైం అలాంటిది. 2024 జూన్‌లోనే మా ఎంసెట్ ర్యాంకులు వచ్చాయి (పేరు ఈఏపీసెట్ అయినా మా ఇంట్లో ఎవరూ అలా అనరు). కౌన్సెలింగ్ ఇంకా మొదలవలేదు. యలమంచిలిలో ఎవరు కనపడినా ఒకటే ప్రశ్న, "ఎంతొచ్చిందమ్మా?" ఆ అంకె విన్నాక వాళ్ళ మొహంలో వచ్చే మార్పుని బట్టి నా రేటు నాకు తెలిసేది. ఇప్పుడు సెకండియర్. ప్రశ్న మారింది, ప్యాకేజీ ఎంతిస్తారంట అని. సీనియర్ల పేర్ల పక్కన ఎల్‌పీఏ అంకెలతో ఫ్లెక్సీలు కట్టిన కాలేజీలు మనం చూడనివి కావు. యూనిట్లు అన్న మాట సినిమాలో వింటే హాల్లో అందరికీ వెంటనే అర్థమైంది, ఎవరూ వివరించాల్సిన అవసరం రాలేదు. మాకెందుకు అర్థం కాదు, మేం అందులోనే కదా ఉన్నాం.

కాంప్లెక్స్ అంటే హైదరాబాదో, బెంగళూరో, అమెరికానో అని నేను అనట్లేదు. వెళ్ళడం తప్పనీ అనట్లేదు, ఛాన్స్ వస్తే నేనూ వెళ్తాను. పొద్దున్నే హైవే మీద అచ్యుతాపురం సెజ్ వైపు షిఫ్టుకి వెళ్ళే బస్సుల్లో మా ఊరి వాళ్ళు ఎంతమందో. వాళ్ళకి ఆ గేటు జీతం, ఇల్లు, పిల్లల ఫీజు. కింద నీళ్ళు లేని చోట ఉన్నవాడు పైకి వెళ్ళాలనుకోవడంలో పాపం ఏముంది? పాపం ఎక్కడ మొదలవుతుందంటే, గేటు దగ్గర వాళ్ళు ఏం అడుగుతున్నారో తెలిసి కూడా సరే అన్న చోట.

ఇక్కడే కర్ణుడు వస్తాడు. మొదటి భాగం చివర్లో భైరవ చేతిలో అశ్వత్థామ కర్ర విజయ ధనుస్సుగా మారి, వీడు కర్ణుడు అని తెలిసినప్పుడు హాల్లో అరుపులకి డైలాగ్ వినపడలేదు. నేనూ అరిచాను. తెలుగువాళ్ళకి కర్ణుడంటే ఉన్న ప్రేమ ఇవాళ్టిది కాదు. 1977లోనే ఎన్టీఆర్ 'దానవీరశూరకర్ణ' తీసి, కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడూ తనే వేసి మనకి ఆ పిచ్చి ఎక్కించారు. 1991లో మణిరత్నం 'దళపతి' వచ్చి ఇంకొంచెం ఎక్కించింది. 'కల్కి' తర్వాత కర్ణుడు గొప్పా అర్జునుడు గొప్పా అని నెట్‌లో జరిగిన గొడవ చూసే ఉంటారు. దాంట్లో రెండు పక్షాలూ విలువిద్య గురించే మాట్లాడుకున్నాయి. ఎవరు ఎవర్ని ఎన్నిసార్లు ఓడించారు అని స్కోర్ కార్డు.

కానీ కర్ణుడి కథలో గుచ్చుకునేది బాణాలు కాదు. పుట్టుక పేరు చెప్పి పోటీలోకి రానివ్వని వాడిని ఒకడు పిలిచి అంగరాజ్యం ఇచ్చాడు. ఆ ఒక్క సాయానికి కర్ణుడు జీవితాంతం కట్టుబడి పోయాడు. నిండు సభలోకి ద్రౌపదిని ఈడ్చుకొచ్చినప్పుడు అతను అక్కడే ఉన్నాడు. ఊరికే ఉండలేదు, నోటికొచ్చిన మాట అన్నాడు, బట్టలు తీయించమన్నాడు. అభిమన్యుడిని చుట్టుముట్టిన వాళ్ళలో ఉన్నాడు. తను కుంతి కొడుకునని యుద్ధానికి ముందే తెలిసింది, అయినా పక్షం మార్చలేదు. కృతజ్ఞత అన్న మంచి గుణమే అతన్ని ఆ సభలో కూర్చోబెట్టింది. మనం సినిమాల్లో దానం దగ్గర, కవచకుండలాల దగ్గర ఏడుస్తాం, సభ దగ్గరికొచ్చేసరికి ఫాస్ట్ ఫార్వర్డ్ చేసేస్తాం.

ఇప్పుడు ఆ అంగరాజ్యాన్ని 2898కి తీసుకెళ్ళండి. అది కాంప్లెక్స్ ఎంట్రీయే కదా! తక్కువవాడివి, రాకూడదు అన్న చోటికి ఎవరో తలుపు తీసి లోపలికి రమ్మంటారు. రెండో భాగంలో నేను చూడాలనుకుంటున్న డార్క్ ఇది: తలుపు తెరుచుకోవాలి. భైరవకి 10 లక్షల యూనిట్లు రావాలి. లోపలికి వెళ్ళాలి, అతనికి అక్కడ నచ్చాలి. చల్లటి నీళ్ళు తాగాలి, పళ్ళు తినాలి, హాయిగా నిద్రపోవాలి. కొన్నాళ్ళకి కింద కాశీ మర్చిపోవాలి. తనకి ఇవన్నీ ఇచ్చినవాడి కోసం గాండీవం పట్టుకున్నవాడి పక్కన నిలబడాలి. అర్జునుడి విల్లు దుర్మార్గుడి చేతిలో, కర్ణుడి విల్లు వాడి పక్కవాడి చేతిలో. కథ అక్కడి దాకా సెట్ చేసి పెట్టే ఉంది, మొదటి భాగం అయిపోయేసరికి భైరవ సుమతిని తీసుకుని వెళ్ళిపోతున్నాడు కూడా. కాపాడటానికి కాదు అని అనుకోవడానికి చాలినంత కారణం ఉంది.

ఈ లైన్ చెప్తే మా క్లాస్‌మేట్ ఒకడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ప్రభాస్‌ని విలన్ పక్కన నిలబెడితే హాలు తగలబెట్టేస్తారే బాబూ." వాడి భయం అబద్ధం కాదు. వందల కోట్లు పెట్టి తీసే సినిమాలో రిస్క్ తీసుకోమని చెప్పడం మనకి ఈజీ, మన డబ్బులు కావు. 2005లో కృష్ణవంశీ 'చక్రం'లో ప్రభాస్‌కి క్యాన్సర్ పెట్టి చంపేస్తేనే జనం సరిగ్గా చూడలేదు.

కానీ వాడు మర్చిపోయిన సంగతి ఒకటుంది. మన పెద్ద హిట్టు నిలబడింది హీరో చావు మీదే. 'బాహుబలి' 2015 జూలైలో వచ్చి 2017 ఏప్రిల్ దాకా దేశం మొత్తాన్ని ఒక్క ప్రశ్నతో ఆపింది. మనమంతా కట్టప్ప ఎందుకు చంపాడు అని అడిగాం. రెండో భాగంలో వచ్చిన సమాధానం ఏంటి? మంచిదని మనం నమ్మిన శివగామి తప్పు తీర్పు ఇచ్చింది, ఆమె మాటకి కట్టుబడిన మంచి బానిస ఆ తీర్పు అమలు చేశాడు. అందులో విలన్ కుట్ర ఉంది గానీ కత్తి దించింది మాత్రం మనవాడే. జనం హాలు తగలబెట్టలేదు, మళ్ళీ టికెట్ కొనుక్కుని వెళ్ళారు. ఆ పార్ట్‌ని ఎవరూ డార్క్ అనలేదంతే, అప్పటికి ఆ మాట ఇంత ఫ్యాషన్ కాలేదు.

బయట సినిమాల్లో ఈ డార్క్ సెకండ్ పార్ట్ అన్న ఐడియాకి తాత 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్'. 1977లో వచ్చిన మొదటి 'స్టార్ వార్స్' పండగలా ముగిస్తే, 1980లో ఇర్విన్ కెర్ష్‌నర్ తీసిన రెండోది ఓటమితో ముగుస్తుంది. దాని గురించి ఎప్పుడు మాట్లాడినా తండ్రి ట్విస్ట్ చెప్తారు. నాకు పనికొచ్చేది అంతకుముందున్న ముక్క. ల్యూక్ ట్రైనింగ్ మధ్యలో వదిలేసి, గురువులు వద్దంటున్నా ఫ్రెండ్స్ కోసం పరిగెత్తాడు. చెయ్యి పోయింది, ఫ్రెండ్స్‌ని కాపాడలేకపోయాడు కూడా. హీరో తీసుకున్న నిర్ణయానికి హీరోనే బిల్లు కట్టాడు. హాన్ సోలోని గడ్డకట్టించి పట్టుకెళ్ళిపోయేది ఒక బౌంటీ హంటర్. మన సినిమాలో ఆ ఉద్యోగం హీరోది, చూశారా.

'డ్యూన్' సంగతి ఇంకా దగ్గరది. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965లో నవల రాస్తే పాల్‌ని పాఠకులు దేవుణ్ణి చేసేశారు. అవతారపురుషుల్ని నమ్మొద్దని చెప్దామనుకున్న ఆయన 1969లో 'డ్యూన్ మెసయ్య' రాసి, ఆ దేవుడి పేరు మీద ఎంతమంది చచ్చారో లెక్క చెప్పాడు. విల్‌నెవ్ తీసిన రెండో భాగం 2024 మార్చిలో వచ్చింది, చివరికొచ్చేసరికి పాల్ గెలుస్తాడు, మనకి చప్పట్లు కొట్టబుద్ధి కాదు. మూడోది 2026 డిసెంబర్‌కని చెప్పారు. అవతారం కోసం ఎదురుచూసే కథని మనం తీస్తున్నాం కాబట్టి ఇది ఒకసారి చూసుకుంటే మంచిది.

నాగ్ అశ్విన్‌కి ఇది చేతకాదు అని మాత్రం నేను ఒప్పుకోను. 2018లో 'మహానటి' తీసిన మనిషి ఆయన. సావిత్రి గారు పైకి ఎక్కడం ఎంత సరదాగా చూపించారో, కిందకి రావడం అంత ఆగి ఆగి చూపించారు. అక్కడ విలన్ లేడు, ఆవిడ నిర్ణయాలూ, ఆవిడ ప్రేమా, ఆవిడ చేతి దానమూ. ఆ సినిమా చూసి బయటికొచ్చిన వాళ్ళ కళ్ళు గుర్తున్నవాళ్ళు నా మాట నమ్ముతారు. 2021లో నెట్‌ఫ్లిక్స్ 'పిట్ట కథలు'లో ఆయన తీసిన 'ఎక్స్‌లైఫ్' చాలామంది చూసినట్టు లేరు. భవిష్యత్తు, వర్చువల్ లోకం, మనుషుల్ని వాడుకునే కంపెనీ. కాంప్లెక్స్‌కి చిన్న చెల్లెలు లాంటి కథ. ఖాళీ ఉంటే చూడండి.

ఇంకా వెనక్కి వెళ్తే సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' ఉంది, 1991. కృష్ణదేవరాయల కాలం అందరికీ గుర్తే, టైం మెషిన్ అటు నుంచి 2504కి కూడా వెళ్తుందని మాత్రం మా బ్యాచ్‌లో సగం మందికి తెలీదు. అణుయుద్ధం అయిపోయి, పైన రేడియేషన్‌తో నేల పనికిరాకుండా పోయి, మనుషులు కింద దాక్కుని బతుకుతుంటారు. 2025 ఏప్రిల్‌లో రీరిలీజ్ చేసినప్పుడు చూశాను. ఆ భాగం కాసేపే ఉంటుంది, సరదాగా దాటించేస్తారు. మన సైన్స్ ఫిక్షన్‌కి చీకట్లోకి తొంగిచూడటం ఎప్పట్నుంచో వచ్చు, ఎక్కువసేపు నిలబడటమే ఇంకా అలవాటు కాలేదు.

ఇక సుమతి విషయం. ఇది రాయడానికే అసలు మొదలుపెట్టాను.

2025 సెప్టెంబర్ 18న వైజయంతీ మూవీస్ వాళ్ళు దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండరని ప్రకటించారు. ఎవరిది తప్పు అన్న గొడవలోకి నేను వెళ్ళను, అది వాళ్ళ ఒప్పందాల సంగతి. కానీ ఆ రోజు మా గ్రూపుల్లో వచ్చిన సొల్యూషన్లు చూసి ఒళ్ళు మండింది. "సింపుల్, స్టార్టింగ్‌లోనే సుమతిని లేపేస్తే సరి. డార్క్ కూడా అవుతుంది." "బిడ్డని ల్యాబ్‌లో పెంచుతారు, ఆవిడతో పనేముంది?" ఈ రెండో మాట అన్నవాడికి తెలుసో లేదో, అది యాస్కిన్ డైలాగ్.

మొదటి భాగాన్ని మా అమ్మతో రెండోసారి చూశాను. కురుక్షేత్రం దగ్గర చేతులు జోడించి కూర్చుంది, అమితాబ్‌ని చూసి మురిసిపోయింది. ఇంటర్వెల్ దాటాక నా వైపు వంగి, "ఆ పిల్ల ఏటీ మాటాడదేటే?" అంది. నేను పాప్‌కార్న్ తింటూ ఊరుకున్నాను గానీ ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నిజమే, సుమతి మాట్లాడేది చాలా తక్కువ. ఆమె గురించి మిగతా అందరూ మాట్లాడతారు. యాస్కిన్‌కి ఆమెలోంచి సీరం కావాలి, భైరవకి ఆమె మీద యూనిట్లు కావాలి. శంబల వాళ్ళకి తల్లి కావాలి. అశ్వత్థామకి పాపపరిహారం కావాలి. ఉత్తర కడుపులో బిడ్డ మీద అస్త్రం వేసినవాడు ఇప్పుడు ఇంకో కడుపుకి కాపలా. వీళ్ళలో కొందరు చెడ్డవాళ్ళు, కొందరు దేవుడంత మంచివాళ్ళు. కానీ 'నీకేం కావాలమ్మా?' అన్నది ఎవరికీ ముఖ్యం కాలేదు. కాంప్లెక్స్ ఆమెకి ఒక నంబర్ పెట్టింది, సమ్-80 అని. బయటికొచ్చాక పేరు దొరికింది గానీ, ఆ పేరు కూడా కల్కి పురాణంలో తల్లి పేరే. అంటే బిడ్డ వల్ల వచ్చిన పేరు.

నాగ్ అశ్విన్ కావాలనే ఇలా రాశాడని నాకు ఒక నమ్మకం. కావాలని కాకపోయినా పర్లేదు, ఇప్పుడు కావాలని వాడుకోవచ్చు. భైరవ కాంప్లెక్స్‌లో స్థిరపడిన రోజున ఎదురుగా నిలబడి అడగగలిగేది ఆమె ఒక్కతే. అశ్వత్థామ అడిగితే ఫైట్ అవుతుంది, బుజ్జి అడిగితే కామెడీ అవుతుంది. సుమతి అడిగితే భైరవ దగ్గర సమాధానం ఉండదు, ఎందుకంటే సభలో ద్రౌపది అడిగిన ప్రశ్నకీ ఎవరి దగ్గరా సమాధానం లేదు. కర్ణుడికి మళ్ళీ జన్మ ఇచ్చింది ఇంకోసారి అర్జునుడితో బాణాల పోటీకి అయితే వేస్ట్. ఆ సభలోకి ఇంకోసారి పంపించి, ఈసారి ఏం చేస్తావు అని చూడటానికైతే మాత్రం ఆరు వేల ఏళ్ళ గ్యాప్‌కి ఒక అర్థం ఉంది.

సుమతిని మొదటి పది నిమిషాల్లో చంపేస్తే ఇదంతా పోతుంది. భైరవకి పగ అనే రెడీమేడ్ కారణం దొరుకుతుంది, మంచివాడైపోతాడు, తను ఆమెని అమ్మబోయిన సంగతి ఎవరికీ గుర్తుండదు. మన సినిమాల్లో హీరోని కడిగి శుభ్రం చేయడానికి ఒక ఆడమనిషిని చంపడం కొత్తేమీ కాదు. దాన్ని డార్క్ అని పేరు పెట్టి మళ్ళీ అమ్మితే నేను కొనను. సరే, టికెట్ కొంటాను, మొదటి రోజే కొంటాను, ఆ సంగతి మీకూ తెలుసు. కానీ వచ్చాక ఈ మ్యాగజైన్‌లోనే తిట్టి రాస్తాను.

సుమతిగా ఎవరు చేస్తారని ఇప్పుడు అందరూ పేర్లు పంపుకుంటున్నారు. మా క్లాసులో పోల్ కూడా పెట్టారు. నేను ఓటు వెయ్యలేదు, ఎవరు చేసినా నాకు ఓకే. ఆమెకి ఎన్ని డైలాగులు రాశారన్నది మాత్రం ఎవరికైనా లీక్ అయితే నాకు ఫార్వర్డ్ చెయ్యండి.